నల్లవైపు

ఆమదాలవలస సబ్‌పోస్టాఫీసులో
రెండో కౌంటరు నాది.
స్టాంపులు తడపడానికి గాజుగిన్నెలో ఒక స్పాంజి.
దాన్ని బొటనవేలితో నొక్కి, వదిలి,
ఈ నెలంతా ఒకటే ఆలోచన:
నా బ్యాక్‌హ్యాండ్‌కి ఎంత మెత్తన కావాలి?

నలభై మూడేళ్లకి ఇదేం బెంగ అంటే
నా దగ్గర జవాబు లేదు.
రెండేళ్ల కిందట మోకాళ్ల డాక్టరు నడవమన్నాడు.
నడిచే దారిలో రైల్వే ఇన్‌స్టిట్యూట్,
కిటికీలోంచి టకటకలు.
ఆగి చూశాను.
నడక అక్కడితో సరి.

ఎర్రవైపు నేను ఎవరికీ తీసిపోను.
కానీ లోలుగు వారి హేమసుధ, ఎనిమిదో తరగతి,
రెండో గేమ్‌కల్లా నా నల్లవైపు కనిపెట్టేస్తుంది.
ఇక బంతులన్నీ అటే,
అప్పులవాళ్లందరికీ
ఎవరో ఒకే ఇంటి గుర్తులు చెప్పి పంపినట్టు.
బ్యాటుతోపాటే వచ్చిన పాత రబ్బరు,
అంచులు తెల్లబడ్డాయి.
దాని మీద పడిన బంతి
పిన్‌కోడ్ లేని కవరులా కాసేపు తబ్బిబ్బై
నెట్‌లోకి పోతుంది.

జీడిపప్పు వ్యాపారం సనపల ఉమాపతి
"టూ పాయింట్ టూ వేసెయ్యండి మేడమ్,
తగిలితే తూటాయే" అన్నాడు.
తగిలితే.
ఆ ఒక్కమాట నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది.
లెక్కల మాస్టారు పొట్టి పింపుల్స్ వైపు.
ఎదుటివాళ్ల స్పిన్ అంటదట.
మనదీ అంతగా అంటదని
ఆయన ఓడిపోయిన రోజు తెలిసింది.

దాలినాయుడు గారు మాత్రం ఏ పేరూ చెప్పలేదు.
గార్డుగా రిటైరైన మనిషి,
ముప్పై ఏళ్లు ఎర్రజెండా పచ్చజెండా పట్టిన చెయ్యి.
నా బ్యాటు తీసుకుని
నల్లవైపు చెవి దగ్గర పెట్టుకుని
బంతిని చిన్నగా ఎగరేశాడు.
"ఏటమ్మా, బంతొచ్చినప్పుడు నువ్వేటి సేస్తన్నావు?"
"అడ్డం పెడుతున్నానండి."
"మరైతే గోడకి రబ్బరెందుకు తల్లీ?"

ఆ రాత్రి దోసె తిరగేస్తూ మణికట్టు చూసుకున్నాను.
ఇరవై ఏళ్లుగా ఈ చెయ్యి
పైనుంచి కిందికి కొట్టడమే నేర్చింది.
తేదీముద్ర, సీలు, మళ్లీ తేదీముద్ర.
ఇదేమో పొట్ట దగ్గర మొదలవ్వాలి,
మోచెయ్యి ముందుంచి
పేకముక్క విసిరినట్టు పైకి విచ్చుకోవాలి.
అట్లు రెండు మాడాయి.

చివరికి ఒకటి పాయింట్ ఎనిమిది.
నున్నటిది, మధ్యరకం స్పాంజి.
అంత వేగమేం కాదు.
బంతి ఒక్క రవ్వ లోపలికి దిగి
ఏం చెయ్యమంటావని అడిగి వెళ్లేది.
రెండువేల నాలుగొందలు.
ఇంట్లో పన్నెండొందలని చెప్పాను.

గురువారం పొద్దున సంచి విప్పితే
పైనే ఉంది, నా పేరు.
నేనే జాబితాలో ఎక్కించి
పోస్ట్‌మాన్ అసిరయ్యకి ఇచ్చి, చెయ్యి చాపాను.
"సంతకం పెట్టండి మేడమ్"
అన్నాడు, నవ్వకుండా.

దాలినాయుడు గారు జిగురు పూశారు.
అది ఆరేలోపు
పలాస ప్యాసింజరు వచ్చి, వెళ్లింది.
కత్తెర అంచు చుట్టూ తిరుగుతుంటే
నల్లటి నెలవంకలు నా ఒళ్లో రాలాయి.

మొదటి మూడు బంతులు టేబుల్ దాటి గోడకి.
నాలుగోదాని చప్పుడే వేరు.
హేమసుధ బ్యాటు కదల్లేదు.
వెనక్కి తిరిగి బంతి ఎక్కడ పడిందో చూసి
"ఆంటీ, మళ్లీ కొట్టండి" అంది.
మళ్లీ కొట్టాను.
నెట్.

పీకేసిన పాత రబ్బరుని పారెయ్యలేదు.
కౌంటరు మీద పరిచాను, తేదీముద్ర కింద.
రోజూ వందో నూటయాభయ్యో దెబ్బలు.
పాపం, దానికేం కష్టం లేదు.
అడ్డంగా పడి ఉండటం
దానికి బాగా వచ్చు.